అప్‌డేట్ అయ్యాక లినక్స్ మొరాయిస్తే ఏ దారి పట్టాలి: పాత కెర్నెలా, స్నాప్‌షాటా, డౌన్‌గ్రేడా, రీఇన్‌స్టాలా?

అప్‌డేట్ పూర్తయింది, రీస్టార్ట్ చేశారు, డెస్క్‌టాప్ రాలేదు. లేదా వచ్చింది గానీ వైఫై లేదు, సౌండ్ లేదు, రెండో మానిటర్ వెలగడం లేదు. ఇప్పుడేం చెయ్యాలని వెతికితే తలోరకం సలహా దొరుకుతుంది. పాత కెర్నెల్‌తో (హార్డ్‌వేర్‌ను నడిపే లినక్స్ మూల భాగం) బూట్ చెయ్యమని ఒకరు, టైమ్‌షిఫ్ట్ అనే టూల్‌తో ముందే తీసిన సిస్టమ్ నకలుకు, అంటే స్నాప్‌షాట్‌కు, వెనక్కి వెళ్లమని ఇంకొకరు, ఆ ప్యాకేజీ ఒక్కటీ డౌన్‌గ్రేడ్ చెయ్యమని (పాత వెర్షన్‌కు తెమ్మని) మరొకరు, ఇవన్నీ ఎందుకు, ఫార్మాట్ కొట్టి మళ్లీ వేసుకోమని వేరొకరు. వీటిలో పనికిరాని సలహా ఏదీ లేదు. ఏదో ఒక సందర్భానికి ప్రతిదీ సరైనదే. సందర్భం తప్పితేనే చిక్కు: అరగంటలో తేలాల్సింది రెండు రోజులు తినేస్తుంది, పైగా మొదటి సమస్య మీద కొత్తది వచ్చి కూర్చుంటుంది.

ఎంచుకునేటప్పుడు నేను ముఖ్యంగా రెండు విషయాలు చూస్తాను. బూట్ ఎంతదాకా వెళ్లి ఆగింది? ఇప్పుడు వెయ్యబోయే అడుగును మళ్లీ వెనక్కి తీసుకోగలనా? వెనక్కి తీసుకోగలిగిన పనులన్నీ అయ్యాకే, తీసుకోలేని పనుల జోలికి వెళ్లాలి. కింద చెప్పిందంతా ఈ వరసలోనే ఉంటుంది.

ముందు ఏం మారిందో చూడండి

కమాండులు కొట్టడం మొదలుపెట్టక ముందు అప్‌డేట్‌లో ఏయే ప్యాకేజీలు మారాయో చూడండి. డెబియన్, ఉబుంటు, మింట్ వాడేవారికి ఇది వార్ (/var) డైరెక్టరీ కింద లాగ్ ఫోల్డరులో, అందులోని ఆప్ట్ ఫోల్డరులో హిస్టరీ లాగ్ ఫైలుగా ఉంటుంది. పాత వెర్షన్, కొత్త వెర్షన్ పక్కపక్కనే రాసి ఉంటాయి. ఫెడోరాలో డీఎన్‌ఎఫ్ హిస్టరీ అని అడిగితే ప్రతి అప్‌డేట్‌కీ ఒక నంబరు ఇచ్చి చూపిస్తుంది. ఆర్చ్‌లో ప్యాక్‌మ్యాన్ లాగ్ ఉంది. డెస్క్‌టాప్ రాకపోయినా కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే నల్ల తెర మీద లాగిన్ అడిగే టెక్స్ట్ కన్సోల్ చాలాసార్లు వస్తుంది. ఈ ఫైళ్లు అక్కడి నుంచే చదవచ్చు.

జాబితాలో రెండువందల పేర్లున్నా కంగారు పడొద్దు. సాధారణంగా డెస్క్‌టాప్‌ను పడగొట్టేవి కొన్నే: కెర్నెల్, ఎన్విడియా డ్రైవర్, మీసా (గ్రాఫిక్స్ లైబ్రరీ), లినక్స్ ఫర్మ్‌వేర్, గ్రబ్ (బూట్ మెనూ చూపించే ప్రోగ్రాం), సిస్టమ్‌డీ (సర్వీసులను మొదలుపెట్టేది), పైప్‌వయర్ (సౌండ్ నడిపేది), గ్నోమ్ షెల్ లేదా ప్లాస్మా (డెస్క్‌టాప్‌లు). వీటిలో ఏవి మారాయో ఒక కాగితం మీద రాసుకుంటే అనుమానితుల జాబితా సిద్ధమైనట్టే.

తర్వాత జర్నల్, అంటే సిస్టమ్ రాసుకునే లాగ్. జర్నల్‌సీటీఎల్‌కు మైనస్ బీ మైనస్ 1 అని ఇస్తే ఇంతకు ముందటి బూట్‌లో ఏం జరిగిందో చూపిస్తుంది. దానికే ప్రయారిటీ ఎర్రర్ అని తగిలిస్తే ఎర్రర్లు మాత్రమే మిగులుతాయి. బాగా నడిచే సిస్టమ్‌లోనూ కొన్ని ఎర్రర్లు ఎప్పుడూ ఉంటాయి. కాబట్టి కనిపించిన ప్రతి ఎర్ర గీతా దోషి కాదు. అప్‌డేట్‌కు ముందటి బూట్‌లో లేకుండా తర్వాతి బూట్‌లో మాత్రమే ఉన్నదాన్ని పట్టుకోండి.

పాత కెర్నెల్: దాదాపు ఎప్పుడూ మొదటి ఎంపిక

గ్రబ్ మెనూ కనిపిస్తూ, ఆ తర్వాత ఎక్కడో ఆగిపోతుంటే ముందు చెయ్యాల్సింది పాత కెర్నెల్‌తో బూట్ చెయ్యడం. ఇందులో డిస్క్ మీద ఏదీ మారదు. పనిచేస్తే సమస్య కెర్నెల్‌దో దానికి అంటుకున్న డ్రైవర్‌దో అని తెలుస్తుంది. పనిచెయ్యకపోతే కెర్నెల్ మీద అనుమానం బాగా తగ్గుతుంది. రెండు నిమిషాల పనికి ఇంత సమాచారం ఇచ్చే దారి ఇంకొకటి లేదు.

ఉబుంటులో మెనూ దాగి ఉంటుంది. యూఈఎఫ్ఐ మెషీన్లలో ఆన్ అవుతుండగా ఎస్కేప్ తట్టాలి, పాత బయాస్ మెషీన్లలో షిఫ్ట్ నొక్కి పట్టుకోవాలి. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ అనే వరుసలోకి వెళ్తే పాత కెర్నెళ్లు కనిపిస్తాయి, రికవరీ మోడ్ కూడా అక్కడే. ఫెడోరా మామూలుగా 3 కెర్నెళ్లు ఉంచుతుంది. ఆర్చ్ పద్ధతి వేరు: కొత్త కెర్నెల్ వచ్చి పాతదాని స్థానంలో కూర్చుంటుంది. అందుకే ఆర్చ్ వాడేవారు లినక్స్ ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం మద్దతుండే కెర్నెల్) ప్యాకేజీని కూడా పక్కన వేసి ఉంచుకోవడం చాలా అవసరం. ఒకటి పాడైన రోజున రెండోది తలుపు తీస్తుంది.

2022లో 5.19.12 కెర్నెల్ వచ్చినప్పుడు ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్న కొన్ని ల్యాప్‌టాప్‌ల తెరలు తెల్లగా మెరవడం మొదలైంది. డిస్‌ప్లే పవర్‌ను నడిపే భాగంలో వచ్చిన మార్పు దానికి కారణం. ఆ మార్పును తీసేసి 5.19.13ను కొద్ది రోజుల్లోనే విడుదల చేశారు. అలాంటి సందర్భంలో పాత కెర్నెల్‌తో కొన్నాళ్లు గడపడం ఒక్కటే సరైన పని. రీఇన్‌స్టాల్ చేసినా, కొత్త అప్‌డేట్లు పెట్టుకోగానే అదే కెర్నెల్ మళ్లీ వచ్చి కూర్చునేది.

పాత కెర్నెల్ పనికిరాని సందర్భాలు కూడా తెలిసి ఉండాలి. వైఫై, బ్లూటూత్ కార్డులకు కావలసిన ఫర్మ్‌వేర్ ఫైళ్లు కెర్నెల్‌లో ఉండవు, లినక్స్ ఫర్మ్‌వేర్ అనే వేరే ప్యాకేజీలో ఉంటాయి. ఏ కెర్నెల్‌తో బూట్ చేసినా డిస్క్ మీదున్న కొత్త ఫర్మ్‌వేరే లోడ్ అవుతుంది. కాబట్టి పాత కెర్నెల్‌లోనూ వైఫై రాకపోతే, జాబితాలో ఫర్మ్‌వేర్ పేరుందేమో చూడండి. ఎన్విడియా డ్రైవర్ వెర్షన్ మారినప్పుడూ ఇలాంటిదే. కెర్నెల్ మాడ్యూల్ (కెర్నెల్‌లోకి ఎక్కే డ్రైవర్ భాగం), బయటి లైబ్రరీ రెండూ ఒకే వెర్షన్‌లో ఉండాలి. ఒకటి పాతదై, ఒకటి కొత్తదైతే ఏ కెర్నెల్‌లోనూ తెర రాదు.

కెర్నెల్ పానిక్ వచ్చి, రూట్ ఫైల్ సిస్టమ్‌ను (సిస్టమ్ ఉండే డిస్క్ భాగాన్ని) మౌంట్ చెయ్యలేకపోయానని, పక్కన అన్‌నోన్ బ్లాక్ 0, 0 అని కనిపిస్తే హార్డ్ డిస్క్ పోయిందని బెంబేలెత్తాల్సిన పనిలేదు. చాలాసార్లు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో కెర్నెల్‌కు కావలసిన డ్రైవర్లుండే ఫైలు) సరిగా తయారు కాకపోవడమే కారణం. బూట్ పార్టిషన్‌ను వేరేగా, చిన్నగా పెట్టుకున్నవారికి అది నిండిపోయి ఇలా అవుతుంది. పాత కెర్నెల్‌తో లోపలికి వెళ్లి, వాడని కెర్నెళ్లను ఆటోరిమూవ్‌తో తీసేసి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను మళ్లీ కట్టిస్తే చాలు. ఉబుంటులో అప్‌డేట్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్, ఫెడోరాలో డ్రాకట్, ఆర్చ్‌లో ఎంకేఇనిట్‌సీపీఐఓ ఈ పని చేస్తాయి.

ఎన్విడియా నల్ల తెర

దీన్ని విడిగా చెప్పడానికి కారణం ఉంది. అప్‌డేట్ తర్వాత తెర నల్లగా మిగిలే కేసుల్లో ఎక్కువగా చూసేది ఇదే, తొందరపడి రీఇన్‌స్టాల్ చేసేదీ దీనికే.

ఎన్విడియా మాడ్యూల్‌ను చాలా డిస్ట్రోల్లో (ఉబుంటు, ఫెడోరా వంటి లినక్స్ రకాల్లో) ప్రతి కొత్త కెర్నెల్‌కూ విడిగా కంపైల్ చెయ్యాలి. ఆ పని డీకేఎంఎస్ అనే టూల్ చేస్తుంది. ఫెడోరాలో ఆర్‌పీఎం ఫ్యూజన్ డ్రైవర్ వాడితే ఏకేమాడ్స్ చేస్తుంది. అప్‌డేట్ అయిపోయిందని చూపించాక కూడా ఏకేమాడ్స్ వెనక కంపైల్ చేస్తూ ఉండవచ్చు. ఆ లోపలే రీస్టార్ట్ నొక్కితే కొత్త కెర్నెల్ మాడ్యూల్ లేకుండా లేస్తుంది. ఇక్కడ దేన్నీ వెనక్కి తిప్పాల్సిన అవసరమే లేదు. టెక్స్ట్ కన్సోల్‌లో లాగిన్ అయి ఏకేమాడ్స్‌ను ఫోర్స్ ఆప్షన్‌తో నడిపి, మాడ్‌ఇన్‌ఫో కమాండుతో ఎన్విడియా వెర్షన్ అడగండి. నంబరు వచ్చిందంటే మాడ్యూల్ తయారైనట్టే, రీస్టార్ట్ చెయ్యవచ్చు.

మాడ్యూల్ ఉన్నా లోడ్ కాకపోతే సెక్యూర్ బూట్ (సంతకం లేని కోడ్‌ను అడ్డుకునే రక్షణ) వైపు చూడాలి. మోక్‌యుటిల్‌తో సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందో లేదో తెలుస్తుంది. ఆన్‌లో ఉంటే, మీ మెషీన్ మీద తయారైన మాడ్యూల్‌కు సంతకం ఉండాలి, ఆ సంతకం తాలూకు కీని కెర్నెల్ గుర్తించాలి. కీని ఎన్‌రోల్ చెయ్యమని రీస్టార్ట్‌లో ఒక నీలం తెర వస్తుంది. చాలామంది దాన్ని చూసి బెదిరి కంటిన్యూ కొట్టేస్తారు. అలా దాటేస్తే కీ చేరదు, మాడ్యూల్ లోడ్ కాదు.

కన్సోల్ కూడా రాకపోతే గ్రబ్ మెనూలో ఆ ఎంట్రీ మీద ఉండి ఇంగ్లీషు e అక్షరం నొక్కి, లినక్స్ అని మొదలయ్యే గీత చివర నోమోడ్‌సెట్ అని చేర్చి, ఎఫ్10 నొక్కండి. తెర మొరటుగా కనిపిస్తుంది గానీ లోపలికి వెళ్లగలుగుతారు. ఈ మార్పు ఆ ఒక్క బూట్‌కే. కాబట్టి జంకకుండా వాడొచ్చు.

వెనక్కి వెళ్లడం తాత్కాలికంగా మాత్రమే పనిచేసే కేసు కూడా ఇక్కడే ఉంది. ఎన్విడియా 590 వరుస డ్రైవర్‌లో పాస్కల్, అంతకు ముందు తరాల కార్డులకు, అంటే జీటీఎక్స్ 10 వరుస వంటివాటికి, మద్దతు లేదు. 2025 డిసెంబరులో ఆర్చ్ తన ప్యాకేజీలను ఆ వరుసకు మార్చింది. ఆ కార్డులున్నవారు స్నాప్‌షాట్‌తో వెనక్కి వెళ్లినా తర్వాతి అప్‌డేట్‌తో మళ్లీ అక్కడికే వస్తారు. వారికి నిలిచే పరిష్కారం 580 వరుస డ్రైవర్‌కు మారడం. అందుకే స్నాప్‌షాట్ మీట నొక్కే ముందు ఇది బగ్గా, లేక మద్దతు ఆగిపోయిందా అన్నది తెలుసుకోవాలి. బగ్ అయితే ఆగితే తగ్గుతుంది, మద్దతు ఆగితే ఎంత ఆగినా తిరిగి రాదు.

స్నాప్‌షాటా, ఒక్క ప్యాకేజీ డౌన్‌గ్రేడా?

అసలు తర్జనభర్జన ఇక్కడ. రెండూ వెనక్కి తీసుకెళ్లేవే. కానీ ఒకటి ఊరంతటినీ నిన్నటి రోజుకు తీసుకెళ్తుంది, రెండోది ఒక్క ఇంటిని మాత్రమే.

స్నాప్‌షాట్ అన్నది ముందే తీసి ఉంటేనే దక్కే అవకాశం. ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్ ఈ విషయంలో అందరికన్నా ముందుంది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ (స్నాప్‌షాట్లు తియ్యగల ఫైల్ సిస్టమ్) మీద మామూలుగా ఇన్‌స్టాల్ చేస్తే, జిప్పర్ (ప్యాకేజీలు వేసే కమాండు) నడిచిన ప్రతిసారీ ముందూ వెనకా స్నాపర్ అనే టూల్ స్నాప్‌షాట్ తీస్తుంది. గ్రబ్ మెనూలోంచే పాత స్నాప్‌షాట్‌ను ఎంచుకుని బూట్ చెయ్యవచ్చు. అది చదవడానికి మాత్రమే వీలైన స్థితిలో లేస్తుంది. అంతా బాగుందని చూసుకున్నాక స్నాపర్ రోల్‌బ్యాక్ అంటే అదే శాశ్వతమవుతుంది. ముందు చూసి, తర్వాత ఒప్పుకునే ఈ పద్ధతి నాకు ఎంతో నచ్చుతుంది. ఫెడోరా సిల్వర్‌బ్లూ వంటివాటిలో పాత సిస్టమ్ బూట్ మెనూలో రెండో వరుసగా ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, ఆర్‌పీఎం ఓస్ట్రీ రోల్‌బ్యాక్ అంటే చాలు. మామూలు ఫెడోరా వర్క్‌స్టేషన్ 2020లో వచ్చిన 33వ వెర్షన్ నుంచీ బీటీఆర్‌ఎఫ్‌ఎస్ వాడుతోంది గానీ స్నాప్‌షాట్లు తనంతట తాను తియ్యదు. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఉంది కదా అని ధీమాగా ఉండకండి.

మింట్, ఉబుంటు వారికి టైమ్‌షిఫ్ట్ ఉంది. ఇది రెండు రకాలుగా పనిచేస్తుంది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ రకం క్షణాల్లో అవుతుంది, కానీ స్నాప్‌షాట్ అదే డిస్క్ మీద ఉంటుంది. ఆర్‌సింక్ (ఫైళ్లను కాపీ చేసే) రకం నెమ్మది, చోటు ఎక్కువ కావాలి, అయితే వేరే డిస్క్ మీద పెట్టుకోవచ్చు. ఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ వాడేవారికి ఎలాగూ ఆర్‌సింకే గతి. లైవ్ యూఎస్‌బీతో (ఇన్‌స్టాల్ చెయ్యకుండానే లినక్స్‌ను నడిపే పెన్‌డ్రైవ్‌తో) లేచి అక్కడి నుంచి కూడా టైమ్‌షిఫ్ట్‌తో రిస్టోర్ చెయ్యవచ్చు. డెస్క్‌టాప్ అసలు లేవని రోజున ఇది పెద్ద ఆసరా.

వెనక్కి వెళ్లేటప్పుడు సిస్టమ్‌లో ఏది వెళ్తుంది, ఏది వెళ్లదు అన్నదాన్ని చాలామంది పట్టించుకోరు. హోమ్ ఫోల్డరు మామూలుగా స్నాప్‌షాట్‌లో ఉండదు. అది మంచిదే, మీ ఫైళ్లు చెక్కుచెదరవు. కానీ ఫైర్‌ఫాక్స్‌ను తీసుకోండి. కొత్త వెర్షన్ ఒకసారి మీ ప్రొఫైల్‌ను తెరిచింది. ఇప్పుడు సిస్టమ్ వెనక్కి వెళ్లి పాత ఫైర్‌ఫాక్స్ వచ్చింది. 67వ వెర్షన్ నుంచీ ఫైర్‌ఫాక్స్ ఇలాంటప్పుడు పాత ప్రొఫైల్‌ను తెరవనని, కొత్త ప్రొఫైల్ చేసుకోమని అడుగుతుంది. బుక్‌మార్కులు, పాస్‌వర్డులు పోయాయని గుండె ఆగినంత పనవుతుంది. అవి పోలేదు, పాత ప్రొఫైల్ ఫోల్డరులోనే ఉన్నాయి. ఫైర్‌ఫాక్స్‌ను ఒక్కదాన్నీ మళ్లీ కొత్త వెర్షన్‌కు తీసుకొచ్చి, పాత ప్రొఫైల్‌నే ఎంచుకుని తెరిస్తే అన్నీ కనిపిస్తాయి.

డేటాబేస్ నడుపుకునేవారికి అసలు ముప్పు వేరే చోట ఉంది. పోస్ట్‌గ్రెస్, మరియాడీబీ తమ డేటాను వార్ డైరెక్టరీ కింద పెడతాయి. ఓపెన్‌సూసే ఆ డైరెక్టరీని స్నాప్‌షాట్‌కు బయట ఉంచుతుంది. టైమ్‌షిఫ్ట్ మాత్రం దాన్ని సిస్టమ్‌లో భాగంగానే చూస్తుంది. వారం కిందటి స్నాప్‌షాట్‌కు వెళ్తే ఆ వారం రోజుల ఎంట్రీలూ పోయినట్టే. రిస్టోర్ నొక్కకముందు డేటాబేస్‌ను డంప్ తీసి హోమ్‌లోనో బయటి డిస్క్‌లోనో పెట్టుకోండి.

బూట్ పార్టిషన్ సంగతీ ఉంది. ఫెడోరాలో మామూలుగా అది ఎక్స్‌టీ4తో వేరేగా ఉంటుంది, కాబట్టి రూట్ వెనక్కి వెళ్లినా కెర్నెల్ ఫైళ్లు కొత్తవే మిగులుతాయి. వాటి మాడ్యూళ్లేమో రూట్‌లో ఉంటాయి. రెంటికీ పొత్తు కుదరక కీబోర్డు, వైఫై కూడా పనిచెయ్యని వింత స్థితి వస్తుంది. అలాంటప్పుడు గ్రబ్‌లో ఆ స్నాప్‌షాట్ నాటి కెర్నెల్‌నే ఎంచుకోవాలి.

ఇక డౌన్‌గ్రేడ్. దోషి ఎవరో రూఢిగా తెలిసి, ఆ ప్యాకేజీ మీద పెద్దగా ఏదీ ఆధారపడకపోతే ఇది చాలా శుభ్రమైన దారి. మిగతా అప్‌డేట్లు, వాటితో వచ్చిన సెక్యూరిటీ సవరణలు అలాగే ఉంటాయి. స్నాప్‌షాట్‌తో అవన్నీ వెనక్కి పోతాయి. ఆర్చ్‌లో ప్యాక్‌మ్యాన్ క్యాషేను (దించుకున్న ప్యాకేజీ ఫైళ్ల నిల్వను) మీరు తుడవకపోతే పాత ప్యాకేజీ ఫైలు డిస్క్ మీదే ఉంటుంది. దొరకకపోతే ఆర్చ్ ఆర్కైవ్ ఉంది. కానీ ఆర్చ్‌లో కొంత పాత, కొంత కొత్త అన్నది మద్దతు లేని స్థితి. మీసాను వెనక్కి తేవాలని చూస్తే అది పాత ఎల్‌ఎల్‌వీఎం లైబ్రరీ కావాలంటుంది. దాన్ని కూడా వెనక్కి తెస్తే దాని మీద ఆధారపడే ఇంకొకటి విరుగుతుంది. రెండో ప్యాకేజీని కూడా వెనక్కి లాగాల్సి వచ్చిందంటే డౌన్‌గ్రేడ్ ఆపేసి స్నాప్‌షాట్‌కు మారడం మేలు.

ఉబుంటులో పాత వెర్షన్ దొరకడమే కష్టం. రిపాజిటరీలో (ప్యాకేజీలు దించుకునే సర్వర్లో) విడుదల నాటి వెర్షన్, తాజా అప్‌డేట్ వెర్షన్ ఉంటాయి, మధ్యలోవి ఉండవు. వాటికోసం ఉబుంటు వారి లాంచ్‌ప్యాడ్ సైటుకు వెళ్లాలి. ఆప్ట్ కమాండు ఇన్‌స్టాల్ అయ్యాక దించుకున్న ఫైళ్లను తుడిచేస్తుంది కాబట్టి క్యాషే మీద ఆశ పెట్టుకోలేం. ఫెడోరా డీఎన్‌ఎఫ్ డౌన్‌గ్రేడ్‌తోనూ అంతే, నిన్నటి వెర్షన్ అనుకుని నొక్కితే విడుదల రోజు వెర్షన్ వచ్చి కూర్చోవచ్చు. హిస్టరీ అన్‌డూ చూడడానికి అద్భుతంగా ఉంటుంది గానీ పాత ప్యాకేజీలు రిపాజిటరీలో లేకపోతే అదీ చేతులెత్తేస్తుంది. డెబియన్ అయితే డౌన్‌గ్రేడ్‌కు మద్దతు లేదని ముందే చెబుతుంది. అక్కడ పాత ప్యాకేజీలు కావాలంటే స్నాప్‌షాట్ డెబియన్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి. చిన్న అప్లికేషన్‌కు ఇబ్బంది లేదు. జీలిబ్‌సీ (దాదాపు అన్ని ప్రోగ్రాములూ వాడే మూల లైబ్రరీ), సిస్టమ్‌డీలను మాత్రం ఏ డిస్ట్రోలోనూ చేత్తో వెనక్కి తేవద్దు.

నా సలహా ఇది: ఈ రోజే మెషీన్‌తో పని ఉండి, స్నాప్‌షాట్ ఉంటే అదే వాడండి, కారణం తర్వాత తీరిగ్గా వెతకండి. స్నాప్‌షాట్ లేక, లాగ్ ఒకే ప్యాకేజీని వేలెత్తి చూపిస్తుంటే డౌన్‌గ్రేడ్. రోలింగ్ డిస్ట్రో (ఆర్చ్, టంబుల్‌వీడ్ లాగా ఎప్పటికప్పుడు కొత్త వెర్షన్లు వచ్చేది) వాడుతూ స్నాప్‌షాట్లు పెట్టుకోకపోవడాన్ని మాత్రం నేను సమర్థించలేను.

లాగిన్ దాకా వచ్చి అక్కడ ఆగితే

పాస్‌వర్డ్ కొట్టగానే మళ్లీ లాగిన్ తెరే వస్తోందా? డెస్క్‌టాప్ వచ్చి ప్యానెల్ లేకుండా ఉందా? ఇలాంటప్పుడు సిస్టమ్‌ను వెనక్కి తిప్పడం చాలాసార్లు అనవసరపు శ్రమ. ముందు డీఎఫ్ కమాండుతో డిస్క్ నిండిందేమో చూడండి, నిండిన డిస్క్ లాగిన్‌ను ఇలాగే తిప్పికొడుతుంది. తర్వాత కన్సోల్ నుంచి ఒక కొత్త యూజర్‌ను సృష్టించి దానితో లాగిన్ అవ్వండి. అక్కడ అంతా బాగుంటే సిస్టమ్ బాగానే ఉంది, తేడా మీ హోమ్‌లోని సెట్టింగుల్లో ఉంది.

2023 సెప్టెంబరులో వచ్చిన గ్నోమ్ 45, ఎక్స్‌టెన్షన్లు రాసే పద్ధతినే మార్చింది. అంతకు ముందు రాసినవేవీ మార్చకుండా దానిలో నడవవు. 2024 ఫిబ్రవరిలో ప్లాస్మా 6 వచ్చినప్పుడు పాత థీములు, విడ్జెట్లు చాలా ఆగిపోయాయి. సౌండ్ విషయంలో, పైప్‌వయర్‌ను నిర్వహించే వయర్‌ప్లంబర్ 0.5 తన సెట్టింగులను లువా భాష నుంచి వేరే పద్ధతికి మార్చింది. మీరు శ్రద్ధగా రాసుకున్న పాత లువా ఫైళ్లను అది చదవదు. సౌండ్ డ్రైవర్ పాడైందని కెర్నెల్ మార్చుకుంటూ కూర్చుంటే దీనికి అంతు దొరకదు. ఎక్స్‌టెన్షన్లన్నీ ఆపి చూడండి, కాన్ఫిగ్ ఫోల్డరు పేరు మార్చి చూడండి. తుడిచెయ్యొద్దు, పేరు మార్చండి చాలు. అక్కర్లేదనుకుంటే మళ్లీ పాత పేరు పెట్టుకోవచ్చు.

లైవ్ యూఎస్‌బీ ఎప్పుడు?

గ్రబ్ మెనూయే రాకపోతే, లేదా గ్రబ్ రెస్క్యూ అనే ఒంటరి ప్రాంప్ట్ దగ్గర ఆగితే పాత కెర్నెల్‌ను ఎంచుకునే అవకాశమే లేదు. 2022 ఆగస్టులో ఆర్చ్‌లో గ్రబ్ ప్యాకేజీ మారినప్పుడు కొన్ని మెషీన్లు ఇలాగే ఆగిపోయాయి. కొత్త గ్రబ్‌ను బూట్ పార్టిషన్‌లో మళ్లీ ఇన్‌స్టాల్ చేసి, కాన్ఫిగ్ మళ్లీ రాయిస్తే తప్ప లేవలేదు. అదంతా లైవ్ యూఎస్‌బీ నుంచి ఛ్రూట్ చేసి, అంటే డిస్క్‌లోని సిస్టమ్ లోపలికి వెళ్లి, చెయ్యాల్సిన పని.

కరెంటు పోయో, బ్యాటరీ అయిపోయో అప్‌డేట్ మధ్యలో ఆగితే మాత్రం యూఎస్‌బీ తీసే ముందు రికవరీ మోడ్‌ను ప్రయత్నించండి. డీప్యాకేజ్‌కు కాన్ఫిగర్ ఆల్ అని చెప్పి, తర్వాత ఆప్ట్‌తో ఫిక్స్ బ్రోకెన్ నడిపితే సగంలో ఆగిన ప్యాకేజీలు చాలాసార్లు పూర్తవుతాయి.

ఛ్రూట్ చేసేటప్పుడు రూట్ పార్టిషన్‌ను మౌంట్ చేసి ఊరుకుంటే సరిపోదు. బూట్ పార్టిషన్, ఈఎఫ్ఐ పార్టిషన్ కూడా వాటి వాటి చోట్ల మౌంట్ చెయ్యాలి. అది మర్చిపోతే కొత్త కెర్నెల్ ఖాళీ ఫోల్డరులోకి వెళ్లి పడుతుంది, అసలు బూట్ పార్టిషన్‌లో పాతదే మిగులుతుంది. ఎర్రర్ కూడా రాదు, అంతా సరిగా జరిగినట్టే కనిపిస్తుంది. డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేసుకున్నవారు మౌంట్‌కు ముందు క్రిప్ట్‌సెటప్‌తో తెరవాలి. ఇంకొక మాట: రిపేర్ మొదలుపెట్టక ముందు, ముఖ్యమైన ఫైళ్లను వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. లైవ్ యూఎస్‌బీ పెట్టినప్పుడే ఆ పని అయిపోవాలి.

డ్యూయల్ బూట్ ఉన్నవారు విండోస్ వైపు కూడా ఒక కన్నేసి ఉంచాలి. 2024 ఆగస్టులో విండోస్ అప్‌డేట్ సెక్యూర్ బూట్‌కు సంబంధించిన ఎస్‌బ్యాట్ నియమాలను (లోపాలున్న పాత బూట్ ప్రోగ్రాములను అడ్డుకునేవి) మార్చింది. పాత షిమ్ (సెక్యూర్ బూట్‌లో గ్రబ్‌ను మొదలుపెట్టే ప్రోగ్రాం) ఉన్న లినక్స్‌లు సెక్యూరిటీ పాలసీ వయొలేషన్ అని చెప్పి ఆగిపోయాయి. లినక్స్‌లో ఏ ప్యాకేజీని వెనక్కి తెచ్చినా అది తీరేది కాదు. సెక్యూర్ బూట్‌ను కాసేపు ఆపి, లినక్స్‌లోకి వెళ్లి, మోక్‌యుటిల్‌తో ఆ ఎస్‌బ్యాట్ పాలసీని తీసేసి, షిమ్‌ను అప్‌డేట్ చేసుకున్నాక సెక్యూర్ బూట్‌ను మళ్లీ ఆన్ చెయ్యాలి.

ఆగి చూడటం, మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యడం

పాత కెర్నెల్‌తో అన్నీ నడుస్తుంటే, లేదా విరిగింది మీకు అంతగా అక్కర్లేనిదైతే ఆగడం మంచి నిర్ణయం. మీ డిస్ట్రో బగ్ ట్రాకర్‌లో అదే వెర్షన్ నంబరుతో వెతకండి. నివేదిక లేకపోతే జర్నల్‌లోని ఆ నాలుగు గీతలతో మీరే ఒకటి పెట్టండి. ఆగడం తప్పనిసరి అయ్యే రోజులూ ఉంటాయి. 2023 డిసెంబరులో డెబియన్ 12.3 విడుదలను నిలిపేశారు. అందులోని 6.1.64 కెర్నెల్‌లో ఎక్స్‌టీ4 డేటాను పాడుచేసే లోపం ఉందని తెలియడమే కారణం. 6.1.66 కెర్నెల్‌తో 12.4 డిసెంబరు 10న వచ్చింది. అలాంటి హెచ్చరిక కనిపించినప్పుడు ఆ కెర్నెల్‌తో ఒక్క బూట్ కూడా చెయ్యకండి.

రీఇన్‌స్టాల్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. పైవన్నీ అయ్యాక, లేదా ఫైల్ సిస్టమ్ పాడైనప్పుడు, లేదా ఎవరెవరో చెప్పిన కమాండులు కొట్టీ కొట్టీ సిస్టమ్ ఏ స్థితిలో ఉందో మీకే తెలియనప్పుడు అది సరైన ఎంపిక. ముందు, చేత్తో వేసుకున్న ప్యాకేజీల జాబితా తీసుకోండి. ఆప్ట్‌మార్క్ షోమాన్యువల్, డీఎన్‌ఎఫ్ రెపోక్వెరీ యూజర్‌ఇన్‌స్టాల్డ్, ఆర్చ్‌లో ప్యాక్‌మ్యాన్ మైనస్ క్యూక్యూఈ (pacman -Qqe) ఆ జాబితాను ఇస్తాయి. హోమ్ వేరే పార్టిషన్‌లో ఉంటే ఫార్మాట్ గుర్తు పడకుండా చూసి, యూజర్ పేరు పాతదే ఇవ్వండి. అయినా బ్యాకప్ లేకుండా మొదలుపెట్టొద్దు.

పట్టి ఉంచినదాన్ని వదలడం

వెనక్కి తెచ్చిన ప్యాకేజీ మళ్లీ అప్‌డేట్ కాకుండా ఆపాలి. దానికి ఉబుంటులో ఆప్ట్‌మార్క్ హోల్డ్, ఫెడోరాలో వెర్షన్‌లాక్, ఆర్చ్‌లో ఇగ్నోర్ ప్యాకేజ్ వాడతారు. పాత కెర్నెల్‌నే రోజూ వాడాలంటే గ్రబ్‌లో దాన్ని డిఫాల్ట్ చెయ్యండి, ఫెడోరాలో గ్రబ్బీ ఆ పని సులువుగా చేస్తుంది. నడుస్తున్న కెర్నెల్‌ను డీఎన్‌ఎఫ్ తీసేయదు. అయితే కొత్తదాన్ని పరీక్షిద్దామని దానితో లేచి, అందులోంచే అప్‌డేట్ పెడితే 3 కెర్నెళ్ల లెక్కలో మీకు కావలసిన పాతది పోవచ్చు. పరీక్షించేటప్పుడు అప్‌డేట్ పెట్టకండి.

హోల్డ్ పెట్టిన రోజు, ప్యాకేజీ పేరు, బగ్ నివేదిక నంబరు ఒక ఫైలులో రాసి ఉంచుకోండి. నెలలు గడిచాక ఎందుకు ఆపామో గుర్తుండదు, ఆ ప్యాకేజీకి సెక్యూరిటీ సవరణలు రాకుండా మిగిలిపోతుంది. సరిచేసిన వెర్షన్ వచ్చిందని నివేదికలో కనిపిస్తే స్నాప్‌షాట్ ఒకటి తీసి, హోల్డ్ తీసేసి, అప్‌డేట్ పెట్టండి. కొత్తదానితో బూట్ చేసి, ఇంతకు ముందు విరిగింది ఏదో దాన్నే ముందు చూడండి. ల్యాప్‌టాప్ అయితే మూత మూసి సస్పెండ్ చేసి మళ్లీ లేపి చూడండి, బయటి మానిటర్ పెట్టి చూడండి. ఇవన్నీ దాటాకే పాత కెర్నెల్‌ను తీసెయ్యండి.